ఎడమ దిక్కున్న సంచి

మా అత్తమ్మ కుడి కన్ను ఇవాళ చూస్తోందంటే, ఆ రోజు పిండి పట్టే గిర్నిలో మా జొన్నపిండి సంచి మారిపోవడం వల్లనే. ఆమెను అడిగితే సంచి దేవుడు మార్చాడంటుంది. సంచి మూతికి ముడి సరిగ్గా వేయనిది నేను. అందుకని దేవుడు నా చేతిని పట్టుకుని మార్పించాడని నేను అనుకుంటాను. ఎట్లనుకున్నా కన్ను మిగిలింది. అది ఎట్ల మిగిలిందో జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది తొండుపల్లి. ఊరి బయట సర్వీసు రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, అందులో రెండు కట్టెల పొయ్యిలు. జొన్నరొట్టెలు చేసి అమ్ముతాం. తినడానికి వచ్చేవాళ్ళు ఎక్కువమంది క్యాబు డ్రైవర్లు. ఎయిర్‌పోర్టులో మనుషులను దింపి, మళ్ళీ ఫోను మోగేదాకా మా షెడ్డు దగ్గర బండ్లు ఆపుకుంటారు. అత్తమ్మ సలసల కాగిన నీళ్ళు పోసి పిండి కలుపుతుంది, పీట మీద అరచేత్తో తట్టి తట్టి చందమామంత చేసి పెంక మీద వేస్తుంది. తడిగుడ్డతో అద్దడం, తిప్పడం, నిప్పుల మీద పొంగించి తీయడం నా పని. నెత్తి మీద నుంచి విమానం పోతుంటే మా ఊళ్ళో అందరం మాట మధ్యలో ఆపేసి, అది పోయాక ఆపిన చోటు నుంచే మొదలుపెడతాం. అత్తమ్మ కూడా మాట ఆపుతుంది. చేతులు మాత్రం ఆపదు.

ఆమెకు ఒక మాట అలవాటు. అనుకున్న పని తప్పిపోతే, ఎక్కాల్సిన ఆటో వెళ్ళిపోతే, ఎండబెట్టిన కట్టెలు వానకు తడిస్తే, "జరిపిండు తియ్" అంటుంది. దేవుడు మనల్ని ఉన్న చోటి నుంచి కొంచెం పక్కకు జరిపాడని దాని అర్థం. ఎందుకు జరిపాడో తర్వాత తెలుస్తుంది, తెలియకపోయినా మనకు నష్టం లేదు అంటుంది. మా షెడ్డు మొదట్లో పెద్ద రోడ్డు మీదనే ఉండేది. రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి పీకేసినప్పుడు నేను మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆమె మాత్రం రేకులు నెత్తిన పెట్టుకుని ఈ సర్వీసు రోడ్డు మీదికి నడిచింది. పెద్ద రోడ్డు మీద బండ్లు ఆగడానికి జాగా ఉండేది కాదు, ఇక్కడ ఉంది. డ్రైవర్లు దొరికింది ఇక్కడికి వచ్చాకనే. అయినా నాకు ఆ మాట మీద నమ్మకం అంతంత మాత్రమే ఉండేది. అన్నిటికీ ఒకటే మందు పూసేవాళ్ళను చూస్తే నాకు చిరాకు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ మాట ఆమె తన కష్టానికే వాడుతుంది. ఎదుటివాళ్ళ కష్టానికి వాడగా నేను వినలేదు. మా వీధిలో ఒకామెకు కడుపు పోయినప్పుడు, అందరూ దేవుడు ఏది చేసినా మంచికే అంటూ వరుసగా చెప్పి వెళ్తుంటే, అత్తమ్మ ఏమీ అనకుండా ఆమె ఇంటి ముందు గిన్నెలన్నీ తోమి వచ్చింది.

ఇక సంచి సంగతి. మా ఊరి గిర్నిలో మోటారు కాలిపోయింది. బాగు కావడానికి వారం పడుతుందన్నారు. షెడ్డులో పిండి ఆ పూటకే ఉంది. శంషాబాద్ గిర్నికి పోయి పట్టించుకురావాలి. మా ఇంటాయన సామాన్ల ఆటో నడుపుతాడు. పోతూ పోతూ అత్తమ్మను, జొన్నల సంచిని గిర్ని దగ్గర దింపుతానన్నాడు. "జరిపిండు తియ్" అంటూ అత్తమ్మ కొంగు దోపింది.

గిర్నికి పోయే సంచులన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. అన్నీ తెల్ల ప్లాస్టిక్ సంచులే. అందుకని ఎవరిది వాళ్ళు గుర్తుపట్టడానికి మూతి అంచుకు పాత చీర పీలిక కడతారు, సంచి విప్పినా అది అట్లనే ఉంటుంది. మాది ఎర్ర పీలిక, రెండు ముళ్ళు. ఎర్ర చీర ఎవరింట్లో ఉండదు, అందుకని రెండో ముడి తప్పకుండా ఉండాలని అత్తమ్మ నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. ఆ రోజు ఆటో బయట హారన్ కొడుతోంది, పొయ్యి మీద పప్పు పొంగుతోంది. ఒక ముడి వేసి వదిలేశాను.

మధ్యాహ్నానికి అత్తమ్మ షేర్ ఆటోలో సంచితో దిగింది. దాన్ని మూలన పెట్టాం. మర్నాడు పొద్దున పొయ్యి అంటించి, నీళ్ళు కాచి, ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అట్లనే ఉంచింది.

"గిది మన పిండి కాదు."

నేను దోసిట్లోకి తీసుకుని చూశాను. నాకైతే జొన్నపిండిలాగే ఉంది. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని, ఇందులో గోధుమలున్నాయి, మెంతులున్నాయి, షుగరు ఉన్నవాళ్ళు పట్టించుకునే పిండి ఇది అన్నది. నాలుక మీద వేసుకుంటే సన్నగా మెంతుల చేదు తగిలింది. ఆ పిండితో మా రొట్టె రాదు. ఎవరిదో పిండి వాడుకోవడం అంతకన్నా రాదు.

ఆ పూట పొయ్యి ఆర్పేశాం. డ్రైవర్లు వచ్చి ఖాళీ పీట చూసి తిరిగిపోతున్నారు. రోజూ నాలుగు రొట్టెలు తినే ఒకతను, "ఏంది పెద్దమ్మా, ఇయ్యాల రొట్టెలు గూడ విమానమెక్కినయా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంత పెద్ద సంచి చూసుకోకుండా ఎట్ల తెచ్చావని అత్తమ్మను గట్టిగానే అన్నాను. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని కూడా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గొంతులో ముల్లులాగా ఉంటుంది. ముడి సంగతి నాకు అప్పుడే గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చే అంత గట్టిగా అన్నానేమో కూడా. ఆమె "జరిపిండు తియ్" అని, సంచి మూతి బిగించి, నడువు పోదాం అన్నది.

గిర్ని అతను మమ్మల్ని చూడగానే చెప్పాడు. పొద్దుననే ఒకామె వచ్చి లొల్లి చేసిందట, తన సంచిలో ఉత్త జొన్నపిండి ఉందని. మీ సంచి ఆమె దగ్గరే ఉంది, మసీదు వెనక గల్లీలో ఇల్లు, పచ్చ తలుపు అని దారి చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు.

"రెండు సంచులు పక్కపక్కనే పెట్టిన పెద్దమ్మా. మీది నీ ఎడమ చెయ్యికాడనే ఉండె. దాన్ని తన్నుకుంట పోయినవ్ గాని చూడకపోతివి."

అత్తమ్మ నవ్వి, ముసలిదాన్నయిన కద కొడుకా అన్నది. నేను కూడా అదే అనుకున్నాను. ముసలితనం అనే మాట కింద ఎన్ని దాక్కుంటాయో అప్పుడు నాకు తెలియదు.

గల్లీ ఇరుకు. రెండు దిక్కులా మోటార్ సైకిళ్ళు. సంచి నా నెత్తిన ఉంది, అత్తమ్మ నా వెనకాల వస్తోంది. పచ్చ తలుపు తట్టాం. తీసినామె అత్తమ్మ ఈడుది, నెత్తిన దుపట్టా, చేతులకు పిండి. నా నెత్తిన తన సంచిని చూడగానే ఆమె ముఖం వెలిగింది. పొద్దున గిర్నిలో చేసిన లొల్లికి ఆమెనే సిగ్గుపడి, నా తప్పు గూడ ఉంది అక్కా, నేను గూడ చూడకుండనే ఎత్తుకొచ్చిన అన్నది. లోపలికి రమ్మని, చాయ్ తాగకుండా పోవద్దని దారికి అడ్డం నిలబడింది. అత్తమ్మ కూడా ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలిచింది, అక్కడితో ఇద్దరికీ చుట్టరికం కలిసిపోయింది.

లోపల మంచం మీద ఆమె భర్త కూర్చున్నాడు. తెల్ల గడ్డం, శుభ్రమైన లాల్చీ. మేము వస్తుంటే మా దిక్కు కాకుండా గోడ దిక్కు చూస్తూ సలాం చేశాడు. ఆయనకు రెండు కళ్ళూ కనబడవని అప్పుడు తెలిసింది. ముందు దర్జీ పని చేసేవాడట. గల్లీలో పెళ్ళిబట్టలన్నీ ఆయన చేతి మీదే కుట్టినవట.

అత్తమ్మ గడప దాటి రెండడుగులు వేసిందో లేదో, ఎడమ పక్కన ఉన్న నీళ్ళ బకెట్‌కు కాలు తగిలి ఇన్ని నీళ్ళు ఒలికాయి. అయ్యో అని సర్దుకుని పీట మీద కూర్చుంది. ఆపా చాయ్ తెచ్చి ఒక కప్పు నాకిచ్చి, ఇంకొకటి అత్తమ్మ ఎడమ పక్కన స్టూలు మీద పెట్టింది. మాటల్లో పడి అత్తమ్మ చాయ్ తాగలేదు. కాసేపటికి చెయ్యి జరిపితే కప్పు కింద పడి పగిలింది.

పైన విమానం పోతోంది. అందరం ఆగాం. అది పోయాక ముందుగా మాట్లాడింది ఆ పెద్దాయన.

"అక్కా, నీకు ఎడమ దిక్కు కనబడుతలేదు."

అత్తమ్మ నవ్వింది. కనబడకపోతే ఇంత దూరం ఎట్ల వచ్చిన భాయ్, నా కోడలికన్న దూరం చూస్త నేను అన్నది. ఆయన నవ్వలేదు. బకెట్ ఎడమ దిక్కే, కప్పు ఎడమ దిక్కే, గల్లీలో నువ్వు బండికి తగిలిన చప్పుడు గూడ విన్న, అది గూడ ఎడమ దిక్కే అన్నాడు. నేను అత్తమ్మకు ముందు నడిచాను, బండికి తగిలిన చప్పుడు నాకు వినబడనే లేదు.

"బేటీ, జర ఇటు రా. ఆమె కుడి కన్ను నీ చెయ్యితో ముయ్యి. నా ముఖం దిక్కు సూటిగ చూడమను. రెండో చెయ్యి వేళ్ళు ఆడించుకుంట ఎడమ దిక్కు నుంచి మెల్లగ ముందలికి తే."

నేను చెప్పినట్టే చేశాను. వేళ్ళు ఆడిస్తూ చెవి దగ్గర నుంచి చెంప దగ్గరికి, చెంప దగ్గర నుంచి ముక్కు దగ్గరికి తెచ్చాను. కనబడ్డప్పుడు చెప్పు అత్తమ్మా అన్నాను. ఆమె చెప్పడం లేదు. ఇంకా ముందుకు తెచ్చాను. నా వేళ్ళు ఆమె ముక్కును తాకాయి. అప్పుడు చెప్పింది.

"పొగ ఉంది బిడ్డా. గంతే."

ఎప్పటి నుంచి అని పెద్దాయన అడిగాడు. పొయ్యి పొగ కంట్లో నిలిచిపోయిందనుకున్నానని, చన్నీళ్ళతో కడుక్కుంటున్నానని, మూడేళ్ళయి ఉంటుందని చెప్పింది. మూడేళ్ళు ఆ పొయ్యి దగ్గర ఆమె పక్కన కూర్చున్నది నేను. రోజుకు పది సార్లు ఆ సర్వీసు రోడ్డు దాటి నీళ్ళకు, కట్టెలకు పోయి వచ్చేది ఆమె. తిరిగి వచ్చేటప్పుడు బండ్లు వచ్చేది ఎడమ దిక్కు నుంచే.

పెద్దాయన తన సంగతి చెప్పాడు. సూదిలో దారం ఎక్కడం లేదంటే అద్దాలు మార్చుకున్నాడట. పక్కన ఉన్న కత్తెర కనబడకపోతే పిల్లలు తీసుకుపోయారని కోప్పడ్డాడట. నొప్పి లేదు, మంట లేదు. దవాఖానకు పోయేసరికి ఒక కన్ను అయిపోయింది, రెండోది సగం అయింది. మందు వేసినా ఆగలేదు. దాన్ని నీటికాసులు అంటారని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని మాత్రం కాపాడుకోవచ్చని చెప్పాడు.

"రేపే పో. నీకు రెండో కన్ను ఉంది. నేను పోయినప్పుడు నాకు లేకుండె."

లేచేటప్పుడు ఆపా రెండు సంచులూ పక్కపక్కన పెట్టింది. రెండిటికీ ఎర్ర పీలికలే, ఆపా దానికి రెండు ముళ్ళు. అత్తమ్మ వంగి మా సంచి ముడిని వేళ్ళతో తడిమింది. ఒకటే ముడి. తల ఎత్తి నా ముఖం చూసింది. సంచి ఎత్తి నా నెత్తిన పెట్టింది.

మర్నాడు పొయ్యి వెలిగించలేదు. బస్సెక్కి పోతుంటే మైలార్‌దేవ్‌పల్లి దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. అద్దగంట కదల్లేదు. ఆమె ఇప్పుడు కూడా జరిపిండు అంటుందేమోనని చూశాను. అనలేదు. కిటికీ దగ్గర కూర్చుని కుడి కన్ను చేత్తో మూసుకుంటోంది, తీస్తోంది, మళ్ళీ మూసుకుంటోంది. ఆమె భయపడటం నేను చూసింది ఆ ఒక్క రోజే.

కళ్ళ దవాఖానలో ఒక మిషన్ ముందు కూర్చోబెట్టారు. గడ్డం ఆనించి ఒక కన్ను మూసి, తెల్ల గిన్నె లాంటి దాంట్లోకి చూడాలి. అందులో అక్కడొకటి ఇక్కడొకటి చిన్న దీపాలు మెరుస్తాయి. కనబడ్డప్పుడల్లా చేతిలో ఉన్న బటన్ ఒత్తాలి. నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను. టిక్కు టిక్కుమని ఆగకుండా వినబడుతోంది. అన్నీ కనబడుతున్నాయని నా ప్రాణం లేచి వచ్చింది.

డాక్టరమ్మ చిన్న పిల్ల, మా ఆడబిడ్డ బిడ్డ ఈడుది. కాగితం చూసి నొసలు ముడిచింది. దీపం రాకముందే ఒత్తింది, దీపం లేనప్పుడు కూడా ఒత్తింది, ఈ పరీక్ష పనికిరాదని చెప్పింది. ఎందుకట్ల ఒత్తావని అడిగింది. అత్తమ్మ మెల్లగా అన్నది.

"లేదని చెప్పుడు నాకు అలవాటు లేదు బిడ్డా."

నిజమే. మా షెడ్డులో పిండి అయిపోతే తన వాటా రొట్టె పెట్టి పంపుతుంది కానీ లేదని అనదు. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె చెయ్యి పట్టుకుంది. కనబడనిది కనబడలేదని చెప్తేనే కనబడేదాన్ని నేను కాపాడగలను అమ్మా అన్నది. అత్తమ్మ తల ఊపింది. మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది. ఈసారి టిక్కుమనడం ఆగి ఆగి వినబడింది. ఎడమ కన్ను వంతు వచ్చినప్పుడు చాలాసేపు ఏమీ వినబడలేదు. నేను ఆ తలుపు దగ్గర నిలబడి, ఒక్కటి, ఇంకొక్కటి అని దేవుడిని అడుక్కున్నాను. ఆమె మాత్రం ఒత్తలేదు. ఆ ఒత్తకుండా కూర్చోవడానికి ఆమెకు ఎంత బలం కావాల్సి వచ్చిందో నాకు తెలుసు.

ఎడమ కన్ను చాలా మటుకు పోయిందని, తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. కుడి కంట్లో ఇప్పుడిప్పుడే మొదలైంది. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరాన్ని తినేస్తుందట. రోజూ చుక్కల మందు తప్పకుండా వేస్తే నిలుస్తుంది, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను అన్నది. నొప్పి లేకుండా ఎట్ల కనిపెట్టారని అడిగింది. అత్తమ్మ మోటారు కాలినకాడి నుంచి మెంతుల దాకా, మెంతుల నుంచి పచ్చ తలుపు దాకా మొత్తం చెప్పింది. బయట మనుషులు వరుసలో ఉన్నా డాక్టరమ్మ రాయడం ఆపి విన్నది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఉండబట్టలేక చెప్పేశాను. ముడి ఒకటే వేశానని, తెలిసి కూడా నిన్ను మాటలన్నానని.

"నాకు ఎరుకనే. ఆపా ఇంట్ల పట్టుకోంగనే తెల్సింది."

మరి నన్నెందుకు ఏమనలేదని అడిగాను.

"అంటే ఏడుస్తవ్. ఏడ్సుకుంట రొట్టెలు మాడుస్తవ్."

నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఆ చనువుతో నా మనసులో ఉన్నది అడిగేశాను. సంచి మార్చింది దేవుడే అనుకుందాం, మరి ఆ ఎడమ కన్ను మూడేళ్ళు పోతుంటే ఆయన ఏం చేస్తున్నాడు అని. ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. తీరికగా ఆలోచించింది.

"పొగ అయితే కడుక్కుంటే పోవాలె. పోతలేదని నాకు తెల్వదా? దవాఖానకు పోతే ఒక పూట పొయ్యి బందైతదని పోలే. అది నా మొండితనం. నా తప్పు తీస్కపోయి ఆయన మీద ఎందుకెయ్యాలె? పొయ్యి ఆయననే బంద్ పెట్టిండు సూడు, గప్పుడు పోయిన."

ఇంటికి వచ్చాక సంగతంతా విని మా ఇంటాయన ఒక మాట అన్నాడు. ఆ దర్జీ సాబు కళ్ళు పోయింది కూడా నీ కన్ను దొరకడానికేనేమో అమ్మా, దేవుని లెక్క అది అన్నాడు. తల్లి మీద ప్రేమతోనే అన్నాడు. అత్తమ్మ ముఖం గట్టిపడింది.

"ఆ మాట మల్ల అనకు. ఆయన కండ్లు నా కోసం పోలే. ఆయన బతుకు ఆయనది."

తర్వాతి వారం కొత్త పిండితో మొదటి వాయి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని పచ్చ తలుపు ఇంటికి తనే తీసుకుపోయింది. ఆపా కోసం విడిగా మెంతులు కలిపిన పిండితో కూడా చేయడం నేర్చుకుంది. ఆ పిండితో రొట్టె రాదనుకున్నది నేనే, వస్తుందని చూపించింది ఆమె. గల్లీలో నడిచేటప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టు మెడ మొత్తం ఎడమకు తిప్పి, చూసి, అప్పుడు అడుగు వేస్తుంది. రోడ్డు దాటేటప్పుడు కూడా అంతే. నీళ్ళకూ కట్టెలకూ ఇప్పుడు నేను పోతాను. ఎప్పుడైనా నా కన్ను తప్పించి దాటితే, బండ్లు ఆపుకుని కూర్చున్న డ్రైవర్లలో ఎవరో ఒకరు లేచి ఆమె ఎడమ పక్కన నడుస్తారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే పెట్టుకున్న పద్ధతి అది.

ఆరు నెలలకు మళ్ళీ పరీక్షకు రమ్మన్నారు. పోయే ముందు దర్జీ సాబు దగ్గర కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆ మిషన్ ముందు ఈసారి నేను ఏమీ అడుక్కోలేదు. టిక్కుమన్నప్పుడు విన్నాను, టిక్కుమననప్పుడు కూడా విన్నాను. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసింది. కుడి కన్ను ఉన్న చోటనే ఉంది, ఇంత కూడా తగ్గలేదు అన్నది. చుక్కలు బతికినన్నాళ్ళూ వేసుకోవాలన్నది. పండుగ నాడు గూడనా అని అత్తమ్మ అడిగితే, పండుగ నాడు ముందుగా అవే అన్నది.

చుక్కలు వేసేది నేనే. పొద్దున పొయ్యి అంటుకున్నాక, మొదటి డ్రైవరు రాకముందు ఆమె గోడకు ఆనుకుని తల వెనక్కి వాలుస్తుంది. చుక్క పడగానే కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి కొస మీద వేలు ఒత్తిపెట్టి కూర్చోవాలి, మందు గొంతులోకి జారకుండా. అంతసేపు ఏ పనీ చేయకూడదు. ఆమె చేతులు ఊరికే ఉండటం నేను ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు రోజూ చూస్తున్నాను. ఆ కాసేపు పీట ముందు నేను కూర్చుంటాను. పిండి ముద్ద తీసుకుని, ఆమె తట్టినట్టే తట్టాలని చూస్తాను. పొద్దుటి ఎండ రేకుల సందుల్లోంచి ఆమె మూసిన కళ్ళ మీద పడుతుంది. ఆ ముఖంలో ఎవరి మీదా ఫిర్యాదు ఉండదు.

మొన్న ఒక విమానం పోయేదాకా ఆగి, కళ్ళు తెరవకుండానే అన్నది.

"అంచు మందం అయితున్నది. ఇంక తట్టు."

చూస్తే నిజంగానే అంచు మందంగా ఉంది. ఇంకా తట్టాను.